అన్నయ్యకి హెచ్‌ఐవీ పాజిటివ్ వచ్చి 11 ఏళ్లు, ఒక్క మాత్ర వేసుకోలేదు, బాగానే ఉన్నాడు. ఇది ఎలా సాధ్యం?

కోనసీమ_గాలి
మా అన్నయ్య 2014లో కువైట్ వెళ్దామని మెడికల్‌కి వెళ్తే అన్‌ఫిట్ అన్నారు. ఎందుకో చెప్పలేదు, కాగితం చేతిలో పెట్టి పంపించేశారు. తర్వాత ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్షలు చేసే ఐసీటీసీలో చేయిస్తే హెచ్‌ఐవీ పాజిటివ్. అక్కడి నుంచి హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి పంపారు. సీడీ4, అంటే జబ్బుల్ని ఎదిరించే రక్తకణాల లెక్క, 640 వచ్చింది. "ఇప్పుడే మందులు అక్కర్లేదు, ఆరు నెలలకోసారి వచ్చి చూపించుకో" అన్నారట. రెండుసార్లు వెళ్లి మానేశాడు.

ఇప్పుడు 43 ఏళ్లు. కొబ్బరికాయల ఒలుపు పని. నేలలో పాతిన గునపం మీద పొద్దున ఆరింటి నుంచి కాయ తర్వాత కాయ పొడుస్తూనే ఉంటాడు, కుర్రాళ్లు కూడా వాడితో సమానంగా చెయ్యలేరు. జ్వరం వచ్చి మంచం పట్టింది నాకు గుర్తులేదు. పోయినేడు నడుం చుట్టూ సర్పి వచ్చింది, అదీ తగ్గిపోయింది. వదినకి రెండుసార్లు టెస్ట్ చేయించాం, నెగెటివ్.

మందులు మొదలుపెట్టమంటే ఒకటే మాట. "నా ఒంట్లో వైరస్ చచ్చుది, నాకు మాత్రలు అక్కర్లేదని డాక్టరే చెప్పాడు." మొన్న ఎవరో వాట్సాప్‌లో పంపారు, కొంతమందికి మందుల్లేకుండానే వైరస్ అదుపులో ఉంటుందట. అది చూపించి "నేనూ ఆ బాపతే" అంటున్నాడు. అలాంటివాళ్లు నిజంగా ఉంటారా? మా వాడు అందులో ఒకడా? నాకు రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.

ఓరుగల్లు_కుర్రాడు
ఉంటారు. ఎలైట్ కంట్రోలర్స్ అంటారు. చాలా తక్కువమంది.

సందేహాల_సుబ్బు
పదకొండేళ్లు ఏమీ కాలేదంటే అసలు ఆ టెస్టే తప్పేమో?

ల్యాబ్_గోపి
సుబ్బు గారూ, ఐసీటీసీలో మూడు వేరువేరు కిట్లతో చూసి, మూడింటిలోనూ వస్తేనే పాజిటివ్ అని రాస్తారు. పైగా గల్ఫ్ మెడికల్‌లోనూ వచ్చింది. తప్పు కావడం చాలా అరుదు.

కాకపోతే ఒక విషయం. ఆ కిట్ వెతికేది వైరస్‌ని కాదు, వైరస్ మీద మన ఒళ్లు తయారు చేసుకున్న యాంటీబాడీల్ని. అందుకే నిజమైన ఎలైట్ కంట్రోలర్‌కి కూడా కిట్ పాజిటివ్ చూపిస్తుంది, వైరల్ లోడ్ మెషీన్‌లో మాత్రం ఏమీ దొరకదు. ఊదారంగు మూత ట్యూబులో రక్తం తీసి, తిప్పి, పైన తేలిన ప్లాస్మాలో వైరస్ ఎంత ఉందో లెక్కపెట్టే పరీక్ష అది. అన్నయ్యకి అది ఎప్పుడైనా చేశారా?

కోనసీమ_గాలి
లేదండీ. సీడీ4 మాత్రమే, అదీ 2014లోనూ 2015లోనూ. రెండోది 590 అని గుర్తు.

ల్యాబ్_గోపి
అయితే ఎలైట్ కంట్రోలర్ అవునో కాదో ఇక్కడ ఎవరమూ చెప్పలేం. మందు వాడకుండానే వైరస్ మిల్లీలీటరు ప్లాస్మాకి 50 కాపీల లోపు ఉండాలి. ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ చూసినా అలాగే ఉండాలి. మనిషిని చూసి చెప్పే సంగతి కాదు ఇది.

వేపచెట్టు
ఆయన కష్టజీవి. ఎండలో పని, కొబ్బరి నీళ్లు, ఇంటి తిండి. ఇమ్యూనిటీ ఉంటే ఏ వైరస్ ఏం చేస్తుంది? తిప్పతీగ కషాయం, మునగాకు మొదలుపెట్టండి. బాగున్న మనిషికి మాత్రలు పెట్టి పాడు చెయ్యకండి.

రెండో_జన్మ
వేపచెట్టు గారూ, మీరు మంచి మనసుతోనే చెప్పారనుకుంటున్నాను. కానీ ఈ మాట నమ్మి నేను మూడేళ్లు పోగొట్టుకున్నాను, అందుకే రాస్తున్నాను.

నాకు 2003లో తెలిసింది. అప్పుడు మందులు కొనుక్కోవాల్సిందే, మా శక్తికి మించిన ఖర్చు. 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది, అదీ ముందు ఎనిమిది ఆసుపత్రుల్లోనే. నేనైతే బాగానే ఉన్నాను. సైకిల్ మీద రోజూ పాతిక కిలోమీటర్లు తిరిగేవాణ్ణి. పక్క జిల్లాలో ఒకాయన పొడి ఇస్తాడంటే వెళ్లాను, డబ్బా అయిపోగానే మళ్లీ వెళ్లాను. పొడి పనిచేస్తోంది కాబట్టే బాగున్నానని ఊరంతా చెప్పాను కూడా. నిజం ఏమిటంటే అది లేకపోయినా అప్పుడు బాగానే ఉండేవాణ్ణి. ఆ జబ్బు తీరే అది.

2006లో దగ్గు మొదలైంది. టీబీ. ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్లేసరికి సీడీ4 41. కౌన్సెలర్ ఆ అంకె చదివి, కాగితం పక్కన పెట్టి, "అన్నం తిన్నావా?" అని అడిగింది. ఆ గొంతు ఇంకా నా చెవుల్లో ఉంది.

మునగాకు నేనూ తింటాను. పప్పులో బావుంటుంది. వైరస్‌ని అది ఆపదు.

వేపచెట్టు
క్షమించండి అన్నా. నాకు ఇదంతా తెలియదు.

కౌన్సెలర్_అక్క
ఏఆర్‌టీ సెంటర్లలో 14 ఏళ్లుగా పనిచేస్తున్నాను. కోనసీమ అమ్మాయి పోస్టు చదివి పని ఆపేసి కూర్చున్నాను, ఎందుకంటే మీ అన్నయ్యలాంటివాళ్లు మా పాత రిజిస్టర్లలో ఎందరో.

మీ అన్నయ్య అబద్ధం చెప్పడం లేదు. 2014లో డాక్టరు ఆ మాట చెప్పే ఉంటారు. అప్పటి నిబంధన ప్రకారం సీడీ4 350 కంటే తగ్గితేనే మందు మొదలుపెట్టేవాళ్లం. అంతకంటే ఎక్కువ ఉంటే ప్రీ-ఏఆర్‌టీ అని పేరు రాసుకుని, ఆరు నెలలకోసారి రమ్మని పంపేవాళ్లం. బాగున్న మనిషి కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీ పెట్టుకుని, లైన్లో నిలబడి సీడీ4 కోసం ఎన్నిసార్లు వస్తాడు? రెండుసార్లు, మూడుసార్లు. తర్వాత రారు. వాళ్ల చెవిలో మిగిలిపోయింది మాత్రం "నీకు మందులు అక్కర్లేదు" అన్న ముక్క. "ఇప్పుడే" అన్న మాట జారిపోయింది.

2017లో నిబంధన మారింది. సీడీ4 ఎంత ఉన్నా సరే, పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ మందు. ఆ కబురు మీ అన్నయ్యదాకా చేరలేదు. అది ఆయన తప్పు కాదు. చేరవెయ్యాల్సిన మా తప్పే ఎక్కువ.

ఇంకో సంగతి. సర్పి వచ్చిందన్నారు చూడండి, అది మీరు దాటేసినంత చిన్నది కాదు. చిన్నప్పుడు వచ్చిన ఆటలమ్మ వైరస్ ఒంట్లోనే దాక్కుని ఉంటుంది, కాపలా సడలినప్పుడు నరం వెంబడి బయటికొస్తుంది. ముసలివాళ్లకి ఎవరికైనా రావచ్చు. 42 ఏళ్ల పాజిటివ్ మనిషికి వచ్చిందంటే మేం సీడీ4 చూడకుండా వదలం. వెంటనే తీసుకెళ్లండి.

కోనసీమ_గాలి
అక్కా, "ఇప్పుడే" అన్న మాట గురించి చదివి ఏడ్చేశాను. వాడు సరిగ్గా అలాగే చెప్తాడు. "నీకు అక్కర్లేదు అన్నాడు" అని.

సందేహాల_సుబ్బు
ఒకటి అడగొచ్చా? అసలు మీ అన్నయ్యకి ఎలా వచ్చింది?

ఓరుగల్లు_కుర్రాడు
అది అడగాల్సిన పని లేదు బాసూ. ఆమె అడిగింది వేరు.

మోడరేటర్
ఆ ప్రశ్న ఇక్కడ వద్దు. ఊరి పేరు, ఆసుపత్రి పేరు, మనిషిని గుర్తుపట్టే వివరాలు కూడా ఎవరూ రాయకండి. నమ్మి చెప్పిన ఒకరి హెచ్‌ఐవీ సంగతి వాళ్ల అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 హెచ్‌ఐవీ చట్టం కూడా ఒప్పుకోదు.

బోస్టన్_చలి
నేను ఇక్కడ ఒక ఇమ్యునాలజీ ల్యాబులో పనిచేస్తున్నాను. "ఎలా సాధ్యం" అన్నదానికి నాకు తెలిసింది చెప్తాను, కొంచెం పొడుగవుతుంది.

ముందు ఒక లెక్క. మందు లేకపోతే హెచ్‌ఐవీ సోకినప్పటి నుంచి ఎయిడ్స్ దశకి రావడానికి సగటున దాదాపు 10 ఏళ్లు పడుతుంది. సగటు అంటే కొందరికి మూడేళ్లు, కొందరికి 15. కాబట్టి పదేళ్లు మందు లేకుండా గట్టిగా ఉండడం వింత కాదు. పైకి బాగున్నా లోపల సీడీ4 కణాలు ఏడాదికి కొన్ని చొప్పున తరిగిపోతుంటాయి. నీళ్ల ట్యాంకు కింద సన్నటి చిల్లు లాంటిది. ట్యాంకు అడుగంటేదాకా కుళాయిలో నీళ్లు వస్తూనే ఉంటాయి.

ఈ మామూలు నెమ్మది వేరు, నిజమైన అదుపు వేరు. ఎలైట్ కంట్రోలర్లు వందలో ఒకరి కంటే తక్కువ. 2010లో దాదాపు వెయ్యిమంది కంట్రోలర్ల జన్యువుల్ని, జబ్బు ముదిరిన రెండున్నర వేలమంది జన్యువుల్ని పక్కపక్కన పెట్టి చూశారు. మొత్తం జన్యుపటంలో తేడా కనిపించింది ప్రధానంగా ఒకేచోట. హెచ్‌ఎల్‌ఏ అనే జన్యువుల దగ్గర.

హెచ్‌ఎల్‌ఏ పని ఏమిటంటే, కణం లోపల ఏం తయారవుతోందో దాని ముక్కలు తెచ్చి కణం గుమ్మానికి వేలాడదీయడం. సీడీ8 అనే కాపలా కణాలు వీధిలో తిరుగుతూ ప్రతి గుమ్మం చూస్తాయి. వైరస్ ముక్క కనిపిస్తే ఆ కణాన్ని చంపేస్తాయి. హెచ్‌ఐవీ ఎత్తు ఏమిటంటే, ఆ ముక్కని కొంచెం మార్చేసుకుంటుంది. కాపలావాళ్లు గుర్తుపట్టలేరు. అందరి దగ్గరా అది గెలిచేది ఇలాగే.

బీ57, బీ27 అనే రకాలు ఉన్నవాళ్లలో గుమ్మానికి వేలాడే ముక్క వైరస్ లోపలి పెంకుకి సంబంధించినది. పూరింటికి నిట్రాట ఎలాంటిదో వైరస్‌కి ఆ భాగం అలాంటిది. గోడకి రంగు మార్చొచ్చు, తలుపు మార్చొచ్చు, నిట్రాట మీద చెయ్యి వేస్తే ఇల్లే కూలుతుంది. మారకపోతే దొరికిపోతుంది, మారితే కుంటిదైపోతుంది. అందుకే అదుపులో ఉంటుంది.

కానీ బీ57 ఉండి కూడా జబ్బు ముదిరినవాళ్లున్నారు. అది లేకుండా అదుపులో ఉన్నవాళ్లూ ఉన్నారు. ఒక్క జన్యువు చూసి జాతకం చెప్పలేం.

నడుము_నొప్పి_27
బీ27 అన్నారా? నాకు వెన్నెముక బిగుసుకుపోయే జబ్బు ఉంది, యాంకిలోసింగ్ స్పాండిలైటిస్. రిపోర్టులో హెచ్‌ఎల్‌ఏ బీ27 పాజిటివ్ అని ఉంటుంది. అదేనా ఇది?

బోస్టన్_చలి
అదే. మీ నడుముని బాధపెడుతున్న రకమే హెచ్‌ఐవీ దగ్గర గట్టిగా నిలబడుతుంది. అలాగే బీ57లో ఒక రకం ఉన్నవాళ్లకి అబాకవిర్ అనే హెచ్‌ఐవీ మందు ఇస్తే ప్రాణం మీదికొచ్చే అలర్జీ రావచ్చు, అందుకే ఆ మందుకి ముందు జన్యు పరీక్ష చేస్తారు. ఒకచోట కాపాడేది ఇంకోచోట కొడుతుంది.

నడుము_నొప్పి_27
పదేళ్లుగా పొద్దున్నే మంచం దిగేటప్పుడల్లా ఆ జన్యువుని తిట్టుకుంటున్నాను. దాని గురించి మంచి మాట వినడం ఇదే మొదటిసారి. మా నాన్నగారికి చెప్పాలి, ఆయన నుంచే వచ్చింది.

కౌన్సెలర్_అక్క
బీ27 ఉంటే హెచ్‌ఐవీ సోకదని ఎవరూ అనుకోకండి. సోకకుండా ఆపదు, సోకాక కొందరిలో నెమ్మదిగా నడిపిస్తుంది. అంతే.

ఓరుగల్లు_కుర్రాడు
అసలు సోకనే సోకనివాళ్లు ఉన్నారని చదివా, సీసీఆర్5 అని ఏదో.

బోస్టన్_చలి
ఉన్నారు. హెచ్‌ఐవీ కణంలోకి దూరాలంటే సీడీ4తో పాటు మామూలుగా సీసీఆర్5 అనే రెండో గడియ కూడా కావాలి. ఆ జన్యువులో 32 అక్షరాలు ఎగిరిపోయిన రకం అమ్మానాన్న ఇద్దరి నుంచీ వస్తే గడియే ఉండదు. 1996లో బయటపడింది. ఉత్తర ఐరోపా సంతతిలో వందకి ఒకరికి అలా ఉంటుంది. మన దేశంలో అది చాలా చాలా అరుదు, కాబట్టి అన్నయ్య విషయంలో దాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. బెర్లిన్ పేషెంట్ తిమోతీ రే బ్రౌన్‌కి నయమైంది ఈ రకం దాత మూలుగ ఎక్కించడం వల్లే. ఆయనకి ముందు ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉంది, దానికోసం చేసిన చికిత్స అది. 2020లో చివరికి ఆ ల్యుకేమియాతోనే పోయారు, హెచ్‌ఐవీతో కాదు.

సందేహాల_సుబ్బు
వైరస్సే బలహీనమైంది అయితే? అన్నయ్య చెప్పేది అదేగా, "చచ్చుది" అని.

బోస్టన్_చలి
మంచి ప్రశ్న. అలాంటి కేసు నిజంగానే ఉంది. సిడ్నీలో 1980లలో ఒకాయన రక్తదానం చేశాడు. ఆయనకి హెచ్‌ఐవీ ఉందని ఎవరికీ తెలియదు. ఆ రక్తం ఎక్కించుకున్నవాళ్లకి సోకింది, కానీ ఏళ్లు గడిచినా ఎవరికీ ఎయిడ్స్ రాలేదు. 1995లో చూస్తే వాళ్లందరిలోని వైరస్‌కి నెఫ్ అనే జన్యువులో ముక్క ఎగిరిపోయి ఉంది. నిజంగా చచ్చు వైరస్.

కానీ కథ అక్కడ ఆగలేదు. ఇంకొన్నేళ్లకి వాళ్లలో కొందరి సీడీ4 తగ్గడం మొదలైంది. ఆ దాత కూడా 1999లో మందులు మొదలుపెట్టాల్సి వచ్చింది. అంత కుంటి వైరస్ కూడా సమయం ఇస్తే నడుస్తుంది.

కోనసీమ_గాలి
మరి వదినకి రాకపోవడం? వాడు ప్రతిసారీ అదే చూపిస్తాడు. "బలమైనది అయితే మీ వదినకి ఎప్పుడో వచ్చేది" అని.

కౌన్సెలర్_అక్క
మా సెంటర్లో భార్యాభర్తల్లో ఒకరికే ఉన్న జంటలు ఎందరో. ఏళ్ల తరబడి ఒకరికే ఉంటుంది. ప్రతిసారీ అంటుకునే జబ్బు కాదు ఇది, అలాగని ఎప్పుడు అంటుతుందో చెప్పలేం. వదినకి రాకపోవడం అదృష్టం. వైరస్ చచ్చుదనడానికి సాక్ష్యం కాదు.

అన్నయ్యకి ఇలా చెప్పండి. మందు వాడి, వైరల్ లోడ్ కనిపించనంత తగ్గి, అలాగే నిలబెట్టుకుంటే కలయిక ద్వారా భార్యకి సోకదు. ఇది ఊరికే ధైర్యానికి చెప్పే మాట కాదు, వేలాది జంటల్ని ఏళ్లపాటు చూసి తేల్చింది. మాత్ర తన కోసం వద్దంటే వదిన కోసమైనా వేసుకుంటాడు. ఈ మాటకి కరిగిన మగవాళ్లని చాలామందిని చూశాను.

గల్ఫ్_బాబాయి
నేను దోహాలో ఉంటాను. మా రూములో ఒక కుర్రాడు సెలవుకెళ్లి మళ్లీ రాలేదు. మెడికల్‌లో ఆగిపోయాడని తర్వాత తెలిసింది. ఎవరితోనూ మాట్లాడలేదు, ఫోను మార్చేశాడు. అన్‌ఫిట్ అన్న కాగితం చేతిలో పెట్టేటప్పుడు పక్కన కూర్చోబెట్టి రెండు నిమిషాలు మాట్లాడే మనిషి ఉండాలి. మీ అన్నయ్య ఐసీటీసీదాకా వెళ్లాడంటే అదే గొప్ప. వాడిని తిట్టకండి తల్లీ.

కోనసీమ_గాలి
తిట్టను బాబాయ్. వాడే నన్ను చదివించాడు.

వాడికి మాత్రలంటే భయం ఎందుకో ఇవాళ బయటపడింది. మా వీధి చివర ఒకాయన ఉండేవారు, మాత్రలు వాడేవారు. బుగ్గలు లోపలికి పోయి, చేతుల మీద నరాలు తాళ్లలా తేలి, చూడగానే ఊరందరికీ తెలిసిపోయేది. "మాత్ర వేసుకుంటే నా ముఖమే అందరికీ చెప్పేస్తుంది" అంటున్నాడు.

రెండో_జన్మ
ఆ ముఖం నాదే అమ్మా. అంటే నాలాంటిదే. అప్పట్లో స్టావుడిన్ అనే మందు ఇచ్చేవాళ్లు. ప్రాణం నిలబెట్టింది, కాదనను. కానీ ముఖంలో కొవ్వంతా కరిగిపోయేది. అరికాళ్లు నిప్పుల మీద పెట్టినట్టు మండేవి, రాత్రి తడిగుడ్డ చుట్టుకుని పడుకునేవాణ్ణి. ఆ మందు ఎప్పుడో తీసేశారు. తర్వాత ఎఫావిరెంజ్ ఉన్నది ఇచ్చారు, అది వేసుకుంటే పిచ్చి పిచ్చి కలలు. అదీ మారింది. ఇప్పుడు నేను వేసుకునేది టీఎల్‌డీ. రోజుకి ఒక్క మాత్ర. నాకు ఏ ఇబ్బందీ లేదు. పోయిన నెల మా అమ్మాయి పెళ్లిలో ఫొటోగ్రాఫర్ "నాన్నగారూ, కొంచెం నవ్వండి" అంటే బుగ్గల గురించి ఆలోచించకుండా నవ్వాను.

అన్నయ్య ఒప్పుకుంటే ఫోన్‌లో మాట్లాడతాను. మోడరేటర్ ద్వారా కబురు పెట్టండి, నంబరు ఇక్కడ రాయకండి.

ఓరుగల్లు_కుర్రాడు
రెండో_జన్మ అన్నా, అమ్మాయి పెళ్లికి శుభాకాంక్షలు. భోజనంలో మునగాకు పప్పు పెట్టారా?

రెండో_జన్మ
పెట్టాం తమ్ముడూ. వేపచెట్టు గారు రాలేదు గానీ, వస్తే రెండోసారి కూడా వడ్డించేవాణ్ణి.

వేపచెట్టు
అన్నా 🙏

సందేహాల_సుబ్బు
ఇంకో అనుమానం, తప్పుగా అనుకోకండి. మందుల కంపెనీలు లాభం కోసం అందరికీ మందులు అంటగట్టడం లేదని గ్యారంటీ ఏమిటి? నిజంగా ఎలైట్ కంట్రోలర్ అయినవాడికి కూడా మాత్ర ఎందుకు?

బోస్టన్_చలి
అనుమానం రావడం తప్పేం కాదు. ఆ అనుమానాన్ని ఒక ప్రభుత్వం విధానంగా మార్చుకుంటే ఏమైందో దక్షిణాఫ్రికాలో చూశాం. 2000 తర్వాత కొన్నేళ్లు అక్కడ మందులు ఇవ్వకుండా సాగదీశారు. అందువల్ల 3,30,000కు పైగా ప్రాణాలు పోయాయని హార్వర్డ్ వాళ్లు 2008లో లెక్కకట్టారు.

బాగున్నవాడికి మాత్ర ఎందుకు అన్నదానికి స్టార్ట్ అనే అధ్యయనం ఉంది. 35 దేశాల్లో 4,685 మంది, అందరికీ సీడీ4 500 పైనే. సగం మందికి వెంటనే మందు, మిగతా సగానికి సీడీ4 తగ్గేదాకా ఆగారు. 2015లో ఆపి చూస్తే వెంటనే మొదలుపెట్టినవాళ్లలో తీవ్రమైన జబ్బులు, మరణాలు 57 శాతం తక్కువ. "బాగున్నాను కదా, ఆగుదాం" అన్న వాదన అక్కడితో పోయింది.

ఇక అసలైన ఎలైట్ కంట్రోలర్లు. వైరస్ కనిపించకపోయినా వాళ్ల ఒళ్లు దానితో పగలూ రాత్రీ కుస్తీ పడుతూనే ఉంటుంది. ఆ వేడికి రక్తనాళాలు దెబ్బతింటాయి. స్కాన్ చేసి చూస్తే వాళ్ల గుండె నాళాల్లో పూడిక మామూలువాళ్ల కంటే ఎక్కువ కనిపించింది. కొందరిలో ఏళ్ల తర్వాత అదుపు జారిపోతుంది కూడా. కాబట్టి వాళ్లకి కూడా మందు ఇవ్వొచ్చనే ఎక్కువమంది డాక్టర్లు అంటారు.

ల్యాబ్_గోపి
నేను ఇన్నేళ్లలో ఒక్క కేసు చూశాను. మందు మొదలుపెట్టకముందు పంపిన శాంపిల్, మెషీన్ "టార్గెట్ నాట్ డిటెక్టెడ్" అంది, అంటే వైరస్ దొరకలేదని. ట్యూబు తారుమారైందేమోనని పేరు, నంబరు మూడుసార్లు చూసుకున్నాను. మళ్లీ రక్తం తీయించారు. మళ్లీ అదే. ఎక్కడైనా రహస్యంగా మందు వాడుతోందేమో అని డాక్టరుగారు ఆమెని అడిగారు. "మందా? ఏ మందు?" అందావిడ. కిట్లు మాత్రం మూడూ పాజిటివ్. హెచ్‌ఐవీ-2 కూడా కాదని చూశారు, అది నెమ్మదైన రకం, మామూలు వైరల్ లోడ్ పరీక్షకి దొరకదు కూడా. ఆ రోజు రాత్రి ఇంటికెళ్లాక కూడా ఆ ట్యూబే కళ్ల ముందు ఉంది.

బోస్టన్_చలి
అలాంటివాళ్లలో మరీ ముందుకి వెళ్లినవాళ్లున్నారు. కాలిఫోర్నియాకి చెందిన లోరీన్ విల్లెన్‌బర్గ్‌కి 1992లో పాజిటివ్ అని తెలిసింది. 2020లో ఆమె రక్తంలో 150 కోట్లకు పైగా కణాలు వెతికితే పని చేసే వైరస్ ఒక్కటి కూడా దొరకలేదు. మందు లేదు, మూలుగ మార్పిడి లేదు. మరుసటేడు అర్జెంటీనాలో ఎస్పెరాంజా అనే ఊరి నుంచి ఇంకో ఆవిడ. ఎస్పెరాంజా అంటే స్పానిష్‌లో ఆశ.

అదే 2020 అధ్యయనంలో 64 మంది ఎలైట్ కంట్రోలర్లని చూశారు. వైరస్ తన జన్యువుని మన జన్యువులో పాతిపెడుతుంది కదా, వీళ్లలో అది ఎక్కడ పడిందో వెతికారు. చాలావరకు ఊరికి దూరంగా, బీడు భూముల్లో పడి ఉంది. మన జన్యుపటంలో ఏమీ మొలవని చోట్లు కొన్ని ఉంటాయి, అక్కడ. మాగాణిలో పడిన విత్తనాలన్నిటినీ కాపలా కణాలు ఏళ్ల తరబడి ఏరేసి ఉంటాయి, మొలవనివే మిగిలాయి. ఇలాంటి స్థితిని మందుతో అందరికీ తెప్పించగలమా అన్నదే ఇప్పుడు మా ల్యాబుల్లో ఆలోచన. నేను పొద్దున్నే మంచులో నడిచి వచ్చేది దానికోసమే.

కౌన్సెలర్_అక్క
పిల్లల్లో కూడా ఉంటారు కదా? మా దగ్గర ఒక పాప, తల్లి నుంచి వచ్చింది, తొమ్మిదేళ్లకి గానీ మా దగ్గరికి రాలేదు. చక్కగా ఎదిగింది, సీడీ4 బాగుంది. వైరల్ లోడ్ చూస్తే మాత్రం పెద్ద అంకె.

బోస్టన్_చలి
ఉంటారక్కా, అది ఇంకో దారి. వాళ్ల ఒళ్లు వైరస్‌తో కుస్తీ పట్టదు, పట్టించుకోకుండా ఉంటుంది. ఆఫ్రికాలో సూటీ మాంగబే అనే కోతులు ఉన్నాయి, వాటి ఒంట్లో ఇలాంటి వైరస్ బోలెడంత ఉంటుంది, జబ్బు మాత్రం పడవు. దక్షిణాఫ్రికాలో కొందరు పిల్లల్లో ఇదే తీరు కనిపించింది. హెచ్‌ఐవీలో చంపేది వైరస్ ఒక్కటే కాదు, దానిమీద మన ఒళ్లు ఆగకుండా మండిపోవడం కూడా. పాపకి మందు మొదలుపెట్టారా?

కౌన్సెలర్_అక్క
అదే రోజు. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

కోనసీమ_గాలి
రెండో_జన్మ అన్న వాడితో గంటసేపు మాట్లాడారు. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ చెప్పలేదు. పొద్దున లేచి "ఎల్లుండి వెళ్దాం, వదినని కూడా రమ్మను" అన్నాడు.

గల్ఫ్_బాబాయి
మంచి మాట చెప్పావు తల్లీ.

కౌన్సెలర్_అక్క
పాత కార్డు ఉంటే తీసుకెళ్లండి, లేకపోయినా పర్వాలేదు. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు, ఈ నాలుగూ అడుగుతారు, దాచకుండా చెప్పమనండి. టీబీ ఉందేమో చూడకుండా మందు మొదలుపెట్టరు. వైరల్ లోడ్ మా దగ్గర మందు మొదలుపెట్టిన ఆరు నెలలకి చేస్తారు. ముందే తెలుసుకోవాలంటే ప్రైవేటులో చేయించుకోవచ్చు, కానీ దానికోసం మందు ఆపుకోవద్దు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యమనండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ల్యాబ్_గోపి
ప్రైవేటులో ఇచ్చేట్టయితే మొదటి మాత్రకి ముందే రక్తం ఇవ్వమనండి. ఈ మందు వేసుకుంటే కొన్ని వారాల్లోనే వైరస్ ఎంత పడిపోతుందంటే, ఆ తర్వాత చూస్తే అందరూ ఎలైట్ కంట్రోలర్లలాగే కనిపిస్తారు.

ఓరుగల్లు_కుర్రాడు
పది రోజులైంది. అక్కా, ఏమైంది?

కోనసీమ_గాలి
నిన్ననే రిపోర్టులన్నీ చేతికొచ్చాయి. సీడీ4 296. వైరల్ లోడ్ 46,000.

టీబీ లేదు. బరువు కార్డులో 2015లో 71 కిలోలు అని ఉంది, ఇప్పుడు 64. రోజూ ఎదురుగా ఉండే మనిషి ఏడు కిలోలు తగ్గితే మాలో ఒక్కరమూ చూడలేదు. వాడు కాగితం కేసి చాలాసేపు చూసి, "అయితే నేను ఆ బాపతు కాదన్నమాట" అన్నాడు. డాక్టరమ్మ మంచావిడ. "ఆ బాపతు కాకపోయినా ఇన్నేళ్లు నిలబడ్డావు, ఇక మేం చూసుకుంటాం" అంది. వదినకి మళ్లీ చేశారు. నెగెటివ్.

బోస్టన్ గారూ, ఒకటి చెప్పండి. మరి ఇన్నేళ్లు ఎలా ఆగాడు?

బోస్టన్_చలి
640 నుంచి 296. పదకొండేళ్లలో 344. ఏడాదికి దాదాపు 31 చొప్పున. కొంచెం నెమ్మదే, మరీ వింతైన నెమ్మది కాదు. హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేస్తే ఏదైనా కనిపించొచ్చు, కనిపించకపోవచ్చు. దానివల్ల వేసుకోవాల్సిన మాత్ర మారదు కాబట్టి డబ్బు ఖర్చు పెట్టకండి. 296 దగ్గర పట్టుకున్నారు, 41 దగ్గర కాదు.

రెండో_జన్మ
పైకి వస్తుంది. నాది 41 నుంచి 700 దాటింది. ఏళ్లు పట్టింది, కానీ వచ్చింది.

సందేహాల_సుబ్బు
మొదట్లో అడగకూడనిది అడిగాను, అన్నయ్యకి నా తరఫున సారీ చెప్పండి. ఈ దారం మొత్తం మా బాబాయికి పంపాను. ఆయన కూడా 2013లో ప్రీ-ఏఆర్‌టీ. మానేశాడు.

కౌన్సెలర్_అక్క
సుబ్బూ, బాబాయిని ఈ వారమే తీసుకెళ్లు. కార్డు లేకపోయినా పర్లేదు అని మళ్లీ చెప్తున్నాను, దాని కోసం ఇల్లంతా వెతుకుతూ నెల గడిపేస్తారు కొందరు.

కోనసీమ అమ్మాయీ, మాత్ర రోజూ ఒకే టైముకి. మందు అయిపోయేలోగానే మళ్లీ వెళ్లమను, డబ్బా తీసుకెళ్లమను. మిగిలినవి లెక్కపెడతాం.

కోనసీమ_గాలి
వదిన ఫోన్లో రాత్రి తొమ్మిదికి అలారం పెట్టింది. వాడు ఒలుపు దగ్గర నుంచి వచ్చి, స్నానం చేసి, అన్నం తిని, మాత్ర వేసుకుని డబ్బా మళ్లీ బియ్యం డ్రమ్ము వెనకాల పెడుతున్నాడు. ఇవాళ వాడు చూడకుండా తీసి లెక్కపెట్టాను అక్కా. 30లో 27 ఉన్నాయి. ఇవాళ్టికి మూడో రోజు.